పాపికొండలకు పడవ ప్రయాణము



"మా సంఘ యౌవనస్థులు, సండేస్కూలు టీచర్లు కలిసి పాపికొండలు చూడబోదామంటున్నారు. సంఘ పెద్దలు మాత్రం వద్దే వద్దంటున్నారు. మీరేమంటారు?" చలికాలం రాగానే మణుగూరు, అశ్వాపురం, బూర్గంపాడు వైపు కుటుంబాల నుండి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో మాకు వస్తూనే ఉంటుంది. ఈ నెల మన శీర్షికను దీనికే ఇస్తున్నాము.

ముందుగా పెద్దల పక్షాన ఒక మాట. వారి భయం ఊరికే పుట్టింది కాదు. 2019 సెప్టెంబరు 15 ఆదివారం. మన ఊళ్ళలో ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చి భోజనాలు చేస్తున్న వేళ, దేవీపట్నం వైపు నుండి పాపికొండలకు బయలుదేరిన పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది. అందులో డెబ్బయి మందికి పైగా ఉన్నారు. బయటపడినవారు ఇరవై ఆరుగురు. వరంగల్ దగ్గరి కడిపికొండ నుండి బంధువులంతా కలిసి వెళ్ళినవారు కూడా ఆ బోటులోనే ఉన్నారు. మునిగిన బోటును పైకి తీయడానికి అయిదు వారాలకు పైగా పట్టింది. కాకినాడ నుండి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు చేర్చింది. అంతకు ముందు సంవత్సరం 2018 మే నెలలో కూడా దేవీపట్నం మండలంలోనే మంటూరు దగ్గర గాలివానకు ఒక లాంచీ మునిగి, ఇళ్ళకు తిరిగిపోతున్న గిరిజనులు అనేకులు చనిపోయారు. ఇవన్నీ చూసిన పెద్దవారు వద్దు అంటే వారిని పిరికివారని ఎగతాళి చేయడం యౌవనస్థులకు తగదు.

అయినా మా అభిప్రాయం అడిగారు గనుక చెబుతున్నాము: వెళ్ళండి. కాకపోతే ఎప్పుడు వెళ్ళాలో, ఏ పడవ ఎక్కాలో, ఎక్కిన తరువాత ఎలా కూర్చోవాలో తెలుసుకుని వెళ్ళండి. కచ్చులూరు విషాదాన్ని విధి అని వదిలేస్తే అది మనకేమీ నేర్పదు.

అక్కడ నది సంగతి కొంచెం తెలియాలి. భద్రాచలం వంతెన మీద నిలబడి చూడండి, నది కిలోమీటరు పైచిలుకు వెడల్పు. కూనవరం దగ్గర శబరి నది కూడా వచ్చి కలుస్తుంది. ఇన్ని నీళ్ళూ పాపికొండల మధ్యకు వచ్చేసరికి రెండు మూడు వందల గజాల సందులో నుండి పోవాలి. మన పొలం కాలువనే చూడండి. వెడల్పుగా ఉన్న చోట నీరు నిమ్మళంగా పోతుంది, తూము దగ్గర ఉరుకుతుంది. కొండల మధ్య గోదావరి కూడా అంతే, అక్కడ లోతు ఎక్కువ, వరద రోజుల్లో వేగమూ ఎక్కువ. మలుపుల దగ్గర నీరు కొండకు కొట్టుకుని తిరిగి సుడి కడుతుంది. అదే నది జనవరి, ఫిబ్రవరి నెలల్లో అద్దంలా ఉంటుంది. కొండల నీడ నీటిలో ఎంత స్పష్టంగా పడుతుందంటే పిల్లలు ఏది కొండ ఏది నీడ అని వాదులాడుకుంటారు. ప్రమాదం జరిగింది వర్షాకాలంలో, వరద ఇంకా బలంగా ఉన్నప్పుడు. కాబట్టి మొదటి జాగ్రత్త ఋతువు. దసరా దాటి, వరద పూర్తిగా తీసి, నీరు తేరుకున్న తరువాతే ప్రయాణం పెట్టుకోవాలి. ఎండాకాలం సంగతి మన బొగ్గు గనుల ప్రాంతం వారికి మేము చెప్పనక్కరలేదు. ఇనుప లాంచీ మీద మే నెల మధ్యాహ్నం కూర్చోవడం విహారం కాదు, శిక్ష.

నది మట్టం తెలుసుకోవడం మన ప్రాంతం వారికి సులువు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. ఆ రెండూ కళ్ళారా చూసినవారు మన సంఘాలలో ఇప్పటికీ ఉన్నారు. అయితే హెచ్చరిక లేదు గదా అని నలభై అడుగుల నీటిలో విహారానికి వెళ్ళడం తెలివి కాదు. ఆ అంకెలు ఒడ్డున ఉన్న ఊళ్ళను ఖాళీ చేయించడానికి పెట్టినవి, పడవ ఎక్కేవారి కోసం పెట్టినవి కావు. నీరు ఎర్రగా, నురగతో, కొట్టుకువచ్చే మొద్దులతో కనబడితే అది వరద నీరే. పత్రికలో ఏ అంకె వేసినా ఆ రోజు వెనక్కు తిరగండి. వరద పెరిగితే శబరి నీరు వెనక్కు తన్ని కూనవరం, వరరామచంద్రాపురం రోడ్లు కూడా మునుగుతాయి. పడవ సంగతి అటుంచి బస్సే పోలేదు.

ఇక పడవ. ఎత్తుగా వరిగడ్డి వేసిన ఎడ్లబండిని తోలినవారికి ఈ విషయం ఒక్క మాటలో అర్థమవుతుంది. బరువు పైన ఉంటే చిన్న గుంట చాలు, బండి పక్కకు ఒరుగుతుంది. రెండంతస్తుల లాంచీ పై అంతస్తు మీద నలభై మంది నిలబడి, "అదిగో పాపికొండలు!" అన్న కేక వినబడగానే అందరూ ఒకే వైపు కమ్మీ దగ్గరికి పరుగెత్తితే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే మేము పెద్ద గుంపులను ప్రోత్సహించము. రెండు బస్సుల జనాన్ని ఒకేసారి తీసుకుపోవాలని చూసే కంటే పన్నెండు పదిహేను మంది, అంటే మూడు నాలుగు కుటుంబాలు కలిసి వెళ్ళడం మేలు. ఎవరు ఎక్కడున్నారో ఒక్క చూపులో లెక్కపెట్టవచ్చు. ముసలివారితో మాట్లాడే తీరిక కూడా ఉంటుంది. సువార్తలలో చదివే పడవలు కూడా చిన్నవే. 1986లో గలిలయ సరస్సు నీరు కరువు వలన తగ్గినప్పుడు బురదలో ఒక పాత చెక్క పడవ బయటపడింది. మొదటి శతాబ్దం నాటిదని పండితులు తేల్చారు. దాని పొడవు ఎనిమిది మీటర్లకు కొంచెం పైన, వెడల్పు రెండు మీటర్లకు పైన. పన్నెండు మంది శిష్యులు, వారి బోధకుడు ఇరుకుగా సర్దుకుని కూర్చోవలసినంత పడవ. (అదే సంవత్సరం అక్కడ నీరు తగ్గి పడవ కనబడితే ఇక్కడ గోదావరి ఊళ్ళ మీద పడింది!)

చిన్న గుంపు అన్నాము గదా అని చవకగా వస్తుందని చేపలు పట్టే నాటుపడవ మాట్లాడుకోవద్దు. తెడ్డు వేసేవాడు ఎంత నేర్పరి అయినా అది పదిహేను మంది విహారానికి కట్టిన పడవ కాదు. అనుమతి ఉన్న లాంచీలోనే, మిగిలిన ప్రయాణికులతో పాటు వెళ్ళండి. కచ్చులూరు తరువాత బోట్లను చాలాకాలం ఆపి, రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టి, తనిఖీలు చేసిన తరువాతనే తిరిగి వదిలారు. రేవులో పేరు, వయసు, ఫోను నంబరు రాసుకుంటారు. విసుక్కోకుండా సరిగా రాయించండి. ఒక పేరు తప్పితే ఎంతమంది ఎక్కారో లెక్క తేలదు. ఆపద వేళ ఆ లెక్కే ప్రాణం.

లైఫ్ జాకెట్టు గురించి కొంచెం గట్టిగానే చెబుతాము. ఒకసారి మేము ఎక్కిన లాంచీలో జాకెట్లన్నీ మూటకట్టి బల్లల కింద దాచి ఉన్నాయి. అడిగితే, "ఏం కాదు సార్, ఎప్పుడూ పోయే దారే గదా" అన్నాడు కుర్రవాడు. మూట విప్పించేదాకా మాలో ఎవ్వరమూ కూర్చోలేదు. విప్పిన తరువాత చూస్తే రెండింటికి బెల్టులు లేవు, వాటిని మార్పించాము. మన వాళ్ళకు ఇక్కడ మొహమాటం ఎక్కువ. డబ్బులిచ్చి టిక్కెట్టు కొని కూడా అడగడానికి సంకోచిస్తాము. సింగరేణిలో పనిచేసే తమ్ముళ్ళను అడగండి, ఇరవై ఏళ్ళు దిగిన గనే అయినా తలకు టోపీ లేకుండా ఒక్కనాడైనా దిగనిస్తారా అని. జాకెట్టును ఒళ్ళో పెట్టుకుంటే లాభం లేదు, వీపు వెనక దిండులా వేసుకున్నా లేదు. తొడుక్కుని అన్ని బెల్టులూ బిగించాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. పిల్లలకు పిల్లల జాకెట్టే వేయాలి. పెద్దవారిది వేస్తే నీటిలో పిల్లవాడు కిందికి జారిపోతాడు, జాకెట్టు పైన తేలుతుంది. పిల్లల కొలత దొరకకపోతే ఆ పిల్లవాడితో ఒడ్డునే ఉండిపొండి. అక్కలు, వదినలు ఆ ఒక్క రోజుకు చీర కొంగు నడుముకు దోపుకుని జాకెట్టు దాని మీద బిగించుకోవాలి. ఫోటోలో బాగుండదని విప్పేవారు ఉన్నారు, వారికి వారి అత్తగారే చెప్పాలి.

ఇంత భయపెట్టి ఇక ప్రయాణం సంగతి చెప్పకపోతే అన్యాయం.

మణుగూరు నుండి తెల్లవారుజామున అయిదింటికి బండి కదలాలి. అశ్వాపురం, సారపాక మీదుగా వచ్చి 1965లో కట్టిన వంతెన దగ్గర గోదావరి దాటితే భద్రాచలం. ఊరు దాటగానే ఎటపాక వస్తుంది, అది ఆంధ్రప్రదేశ్. 2014లో మన ఖమ్మం జిల్లా నుండి ఆ వైపు మండలాలు విడిపోయాయి. మేనత్త ఇల్లు ఒక రాష్ట్రంలో, మన ఇల్లు ఒక రాష్ట్రంలో అయిపోయిన కుటుంబాలు మన పాఠకులలో చాలానే ఉన్నాయి. అక్కడి నుండి కూనవరం, వరరామచంద్రాపురం మీదుగా పోచవరం రేవుకు డెబ్బయి ఎనభై కిలోమీటర్లు. కూనవరం దగ్గర అయిదు నిమిషాలు దిగి శబరి గోదావరిలో కలిసే చోటు చూడండి. వరద లేని రోజుల్లో రెండు నీళ్ళ రంగులు వేరువేరుగా కనబడి, కొంత దూరం పోయాక కలిసిపోతాయి.

పోచవరంలో లాంచీ ఎక్కిన తరువాత మొదట ఇసుక తిన్నెలు, ఒడ్డున పల్లెలు, నీళ్ళకు దిగిన పశువులు. తరువాత కొండలు నెమ్మదిగా దగ్గరికి వస్తాయి. వెదురు, టేకు, తాళ్ళు, వాటి మధ్య పొగ లేస్తున్న ఒకటి రెండు ఇళ్ళు. నెత్తి మీద పాపిడి తీసినట్టు కొండల మధ్య నది పోతుంది గనుక పాపిడికొండలు, అదే పాపికొండలు అయిందని అక్కడివారు చెబుతారు. ఆ పేరులో పాపమేమీ లేదు! 2008లో ఈ అడవిని జాతీయ పార్కుగా ప్రకటించారు. పేరంటాలపల్లి దగ్గర లాంచీ ఆగుతుంది. అక్కడ ఒక పాత ఆశ్రమం, కొండ మీది నుండి వచ్చే సెలయేరు, కొండరెడ్లు వెదురుతో చేసి అమ్మే పూలసజ్జలు, బొమ్మ పడవలు ఉంటాయి. బేరం ఆడకండి. ఒక వెదురు పడవ చేయడానికి ఎంత పొద్దు పడుతుందో మన పిల్లలను అక్కడే కూర్చోబెట్టి చూపించండి.

సినిమాల వలన పాపికొండలు అందరికీ తెలిశాయి, 1973లో వచ్చిన అందాల రాముడు సగానికి పైగా పడవ మీదే నడుస్తుంది. కానీ ఈ నీటిదారి చరిత్ర సినిమాల కంటే చాలా పాతది. రోడ్లు లేని రోజుల్లో రాజమండ్రి నుండి భద్రాచలానికి మనుషులు, ఉప్పు, బట్టలు అన్నీ ఈ దారినే ఎక్కి వచ్చేవి. ఎదురునీటికి తెరచాప, గెడ, తాడు. దిగునీటికి వెదుళ్ళు, టేకు మొద్దులు తెప్పలు కట్టి వదిలేవారు. ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుండి 1852 వరకు కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొరకు గోదావరి పొడుగునా మధ్య భారతం దాకా పడవలు నడిపించాలని పెద్ద ఆశ. నదిలో రాళ్ళు అడ్డం వచ్చిన మూడు చోట్లను దాటించాలి. వాటిలో మొదటిది మన మణుగూరుకు ఏటి అవతలి దుమ్ముగూడెం. అక్కడ ఆనకట్ట, పడవల కాలువ, లాకులు కట్టారు. ఖర్చు పెరిగి, రైళ్ళు వచ్చి, చివరకు 1871లో ఆ పనులు ఆపేశారు. పడవలు మధ్య భారతానికి పోలేదు గాని ఆ పని వలన మరొకటి జరిగింది. ఆ పనులు చూసిన ఇంజనీరు హేగ్ దొర చుట్టూ ఉన్న కోయవారిని చూసి ఊరకుండలేక, 1860ల తొలినాళ్ళలో దుమ్ముగూడెంలో కోయ మిషను మొదలుపెట్టించాడు. ఆయన దగ్గర పనిచేసిన వెంకటరామరాజు అనే తెలుగువాడు కొలువు విడిచి ఆ పరిచర్యకు పూనుకున్నాడు. తరువాత జాన్ కెయిన్ దొర ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాడు. లూకా సువార్త కోయ భాషలో 1889లో అచ్చయింది. లాంచీలో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథ మాకు తోచదు. ఒక నది దారి సగంలో ఆగిపోయింది, దాని కోసం వచ్చిన మనుషులు మాత్రం ఆగిపోలేదు.

కొండరెడ్ల గురించి కూడా రెండు మాటలు. వారి భాష తెలుగే, కోయవారిలా వేరు భాష కాదు. 1940ల తొలినాళ్ళలో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు ఈ కొండల్లో తిరిగి, వారి పోడు, వారి ఇళ్ళు, కలప వ్యాపారుల చేతుల్లో వారు పడిన కష్టం గురించి 1945లో ఒక పెద్ద పుస్తకం అచ్చువేశాడు. మన పక్కింటివారి గురించి ఎక్కడో వియన్నాలో పుట్టినవాడు రాస్తే గాని మనకు తెలియకపోవడం కొంచెం సిగ్గుపడవలసిన సంగతే.

ఇప్పుడు ఆ పల్లెల మీదికి పోలవరం నీళ్ళు వస్తున్నాయి. రిజర్వాయరు నిండుమట్టం 150 అడుగులు. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే వైపు మళ్ళించారు. ఎగువ కాఫర్ డ్యాం కట్టిన దగ్గర నుండి వరద వచ్చిందంటే దేవీపట్నం వైపు ఊళ్ళలో నీరు ఇదివరకు కంటే ఎక్కువ ఎత్తుకు వచ్చి నిలబడుతోంది. చాలా ఊళ్ళవారు ఇల్లూ వాకిలీ విడిచి పునరావాస కాలనీలకు వెళ్ళిపోయారు. ప్రాజెక్టు వలన దిగువన పొలాలకు నీరు వస్తుంది, అది కాదనము. కాని లాంచీలో పోతూ ఒడ్డున కప్పు లేని గోడలు కనబడినప్పుడు, "డాడీ, అక్కడెవరూ లేరేం?" అని పిల్లవాడు అడుగుతాడు. "ఏమో" అని తప్పించుకోకండి. ఆ ఇంట్లోవారు ఎక్కడికి పోయారో, ఎందుకు పోయారో చెప్పండి. కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజున అరుపులు విని తమ చిన్న పడవలు వేసుకుని వెళ్ళి, నీటిలో కొట్టుకుపోతున్నవారిని పైకి లాగింది ఆ ఒడ్డు గిరిజనులే అని కూడా చెప్పండి. అధికారులు వచ్చేలోపు వారు గనుక లేకపోతే ఆ ఇరవై ఆరు కూడా మిగిలేది కాదేమో. ఊళ్ళు ఖాళీ అయితే రేపు ఆ కేక వినేది ఎవరు? ఈ ప్రశ్న మమ్మల్ని ఆ లాంచీలో చాలాసేపు వేధించింది.

మిగిలినవి చిన్న సంగతులు. క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో రేవు తిరునాళ్ళలా ఉంటుంది గనుక జనవరి చివర్లో, ఆదివారం కాని రోజు చూసుకోండి. లాంచీలో భోజనం పెడతారు, అయినా పులిహోర, పెరుగన్నం కట్టుకుని పోతే పసిపిల్లలకు, షుగరు ఉన్న పెద్దవారికి నయం. విస్తరాకులు, నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు ఏట్లో వేయకుండా ఒక గోనెసంచి తీసుకుపోండి. పడవలో పాటలు పాడుకోవచ్చు, మేమూ పాడాము. డప్పు తీసి నిలబడి ఎగరడం మొదలైతే మాత్రం కాపరి అయ్యగారు కొంచెం కసరాలి. మందు తాగి ఎక్కినవారు లాంచీలో కనబడితే ముందుగానే సరంగుకు చెప్పండి. గాలి లేచినా, మబ్బు కమ్మినా సరంగు లాంచీని ఒడ్డుకు తిప్పుతానంటే, "డబ్బులిచ్చాం గదా, పాపికొండలు చూపించు" అని అతని మీదికి పోకండి. అతడు వెనక్కు తిప్పిన రోజే అతనికి పదిమందిలో మంచిమాట చెప్పాలి. సెల్‌ఫోను సిగ్నలు కొండల మధ్య చాలా చోట్ల అందదు. ఇంటి దగ్గర ఉన్న అమ్మమ్మకు ఆ సంగతి ముందే చెప్పి వెళ్ళకపోతే ఆమె పొద్దస్తమానం కంగారుపడుతూ కూర్చుంటుంది. సాయంత్రం రేవుకు చేరగానే ఎక్కినవారిని మరొకసారి లెక్కపెట్టుకుని, చీకటి పడకముందే కూనవరం దాటేలా బండి తీయించండి. ఆ రోడ్డు మీద రాత్రివేళ పశువులు పడుకుని ఉంటాయి.